అవుట్ కొట్టిన మనిషి

అచ్యుతాపురం నుంచి అనకాపల్లి వచ్చే కంపెనీ బస్సుల్లో ఒక చట్టం ఉంది. ఎక్కడా రాసి లేదు గానీ, రాసి ఉన్న చట్టాలన్నిటికంటే గట్టిగా నడుస్తుంది. కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడిందంటే ఆ సీటు తువ్వాలు వేసినవాడిది. వాడు టీ తాగి రానీ, బీడీ కాల్చుకుని రానీ, అంతవరకూ మిగతావాళ్లు నిలబడాల్సిందే. పొలం గట్టు జానెడు జరిగితే అన్నదమ్ముల మీద కేసులు పెట్టుకునే మనుషులే, ఈ ఒక్క విషయంలో మాత్రం ధర్మరాజులు.

రోజలిన్ రోజూ అలాంటి తువ్వాలు తీసి కూర్చునేది. ఆమెకు సీటు పట్టేది మునగపాక నుంచి వచ్చే పరదేశి. మందుల కంపెనీలో ఇట్టే అంటుకునే ద్రావకాలు వాడే సాల్వెంటు బ్లాకులో కాంట్రాక్టు హెల్పరు. ఇంటి దగ్గర కాస్త చెరకు, కాస్త వరి ఉన్నాయి గానీ, వాటి మీద బతకలేక డ్రమ్ములు దొర్లించడానికి వస్తాడు. తన సీటు మీద ఎర్రగళ్ల తువ్వాలు, ముందు సీటు మీద పచ్చగళ్లది వేసేవాడు. ఆ పచ్చగళ్లది రోజలిన్‌కి. టైమ్ ఆఫీసు మూసి వచ్చేసరికి ఆమెకు ఎప్పుడూ ఆలస్యమే అవుతుందని ఆయన ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. ఆమె బాబాయ్ అని పిలిచేది. వరసేమీ లేదు, తువ్వాలే వరస.

రోజలిన్ అనకాపల్లి పిల్ల. తండ్రి యేసుదానం వారమంతా మిషను కుట్టి, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేవాడు. ఆమె కంప్యూటర్ల డిగ్రీ చేసి, కొన్నాళ్లు నెట్ సెంటర్లో ఊరివాళ్ల దరఖాస్తులు నింపి, ఆ తర్వాత ఈ కంపెనీ టైమ్ ఆఫీసులో చేరింది. అక్కడ డేటాబేసు చూసే కుర్రాడు మంచి జీతం దొరికి వెళ్లిపోతే, ఆ పని ఈమె నెత్తిన పడింది. సగం వీడియోలు చూసి నేర్చుకుంది, సగం తిట్టుకుంటూ నేర్చుకుంది. మాట పడే రకం కాదు, తప్పు చూసి ఊరుకునే రకం అంతకన్నా కాదు. అలాంటివాళ్లకు ఉద్యోగంలో సుఖం ఉండదు.

టైమ్ ఆఫీసు పని చెప్పుకోవడానికి తేలిక. గేటు దగ్గర మెషీను మీద కార్డు పెట్టి లోపలికి వెళితే ఇన్ పడుతుంది, వెళ్లిపోయేటప్పుడు పెడితే అవుట్ పడుతుంది. ఈ ఇన్ అవుట్ జంటను అక్కడ పంచ్ అంటారు. ప్రమాదం జరిగితే లోపల ఎవరున్నారో చెప్పడానికి ఒక రిపోర్టు కూడా ఉంది. ఇన్ పడి అవుట్ పడని వాళ్ల పేర్లన్నీ తీసి ఇవ్వడమే దాని పని. కంపెనీ పెట్టినప్పుడు ఎవరో రాసి పెట్టారు, ఆడిటుకు వచ్చినవాళ్లకు చూపించారు, ఆ తర్వాత దాని మొహం చూసినవాడు లేడు.

ఒకరోజు తీరికగా ఉండి రోజలిన్ ఆ రిపోర్టు నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. టీ తాగి వచ్చినా తిరుగుతూనే ఉంది. మంటలు లేచిన రోజున ఇలా తిరిగితే ఇది శవాల లెక్కకు తప్ప దేనికీ పనికిరాదని ఆమెకు ఒళ్లు మండింది. వెంటనే అవుట్ పడని పంచ్‌లు ఎక్కడెక్కడున్నాయో గుర్తు పెట్టుకునే ఇండెక్సు ఒకటి కట్టింది. పుస్తకం చివర ఏ పాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుందే, అలాంటిది. ఇక రెప్పపాటులో వస్తుందనుకుని మళ్లీ నొక్కింది. చక్రం మళ్లీ అలాగే తిరిగింది.

డేటాబేసు లోపల ప్లానర్ అని ఒకటుంటుంది. అడిగినదాన్ని ఏ దారిన వెతకాలో అదే తేలుస్తుంది. ఏ దారిన పోతున్నావో చెప్పమని రోజలిన్ దాన్ని అడిగింది. ఇండెక్సు ఉందని దానికి తెలుసు. తెలిసి కూడా పక్కన పెట్టి, ఏళ్ల తరబడి పోగుపడిన పంచ్‌లన్నీ మొదటి నుంచి చివరి దాకా చదువుకుంటూ పోతోంది.

“రోడ్డు ఏసి ఇత్తే గట్ల మీద పడి ఎల్తావేటి” అని ఆమె తెరను తిట్టింది. మొత్తం చదివే దారి మూసేసి, బలవంతాన ఇండెక్సు దారి పట్టించింది. మునుపటికన్నా ఇంకా ఆలస్యమైంది.

సంగతి ఆదివారం చర్చిలో తట్టింది. ఆ వారం ఉపవాస ప్రార్థన. పుస్తకంలో నాలుగైదు తప్ప మిగతా పాటలన్నీ వరసగా పాడాలని పెద్దలు పట్టుబట్టారు. పక్కన కూర్చున్న అప్పాయమ్మ అలవాటు కొద్దీ ప్రతి పాటకూ పుస్తకం చివరికి పోయి, పట్టికలో వేలు పెట్టి వెతికి, పేజీ నంబరు చూసి, మళ్లీ వెనక్కి వచ్చేసరికి జనం రెండో చరణంలో ఉంటున్నారు. యేసుదానం పట్టిక జోలికే పోలేదు. మొదటి పేజీ తీసి ఒక్కొక్కటే తిప్పుతూ, అక్కర్లేని పాట వస్తే దాటేస్తూ పోయాడు. రోజలిన్ పాట ఆపేసి తండ్రి చేతుల వంక చూస్తూ ఉండిపోయింది.

కావలసినవి కొన్నే అయితే పట్టిక సుఖం. దాదాపు అన్నీ కావాలంటే పేజీలు తిప్పుకుంటూ పోవడమే నయం. ప్లానర్ చేస్తున్నదీ అదే. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, అది అక్కడక్కడా కొన్ని పంచ్‌లు చూసి అంచనా కట్టుకుంటుంది. పదింట తొమ్మిది పంచ్‌లకు అవుట్ లేదని దాని అంచనా. అంచనా పాతబడిందేమోనని సోమవారం పొద్దున్నే రోజలిన్ మళ్లీ కట్టించింది. అదే వచ్చింది. అంటే ప్లానర్ తప్పు చేయడం లేదు. కంపెనీ లోపలికి వెళ్లినవాళ్లలో దాదాపు ఎవరూ బయటికి రాలేదని డేటాబేసు నమ్ముతోంది. ఎప్పుడో మానేసి సబ్బవరంలో చికెన్ కొట్టు పెట్టుకున్నవాడూ లోపలే ఉన్నాడు. పోయిన ఏడాది దినం భోజనాలు పెట్టించుకున్న వాచ్‌మనూ లోపలే ఉన్నాడు.

కారణం బస్సు. షిఫ్టు అయ్యేసరికి బస్సులు వరసగా నిలబడి ఉంటాయి. కార్డు మెషీను పక్క గేట్లో ఉంటుంది, అక్కడ ఒక్కొక్కరే వెళ్లాలి. జనం తోసుకుంటున్నారని సెక్యూరిటీవాళ్లు లారీలు వెళ్లే పెద్ద గేటు బార్లా తీసేస్తారు. అందరూ అందులోంచి పరుగెత్తి తువ్వాళ్లు విసురుతారు. జీతం ఇన్ చూసి ఇస్తారు కాబట్టి అవుట్ గురించి అడిగే నాథుడు లేడు. రోజలిన్ మేనేజరుకు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మాక్ డ్రిల్లులో ఎప్పుడూ లెక్క సరిపోతోంది కదా అన్నాడాయన. మాక్ డ్రిల్లు నాడు సూపర్‌వైజర్లు ముందే పేర్లు రాసుకుని జేబులో పెట్టుకుంటారని ఆయనకు తెలియదా, తెలుసు. రిపోర్టు తిరగరాస్తానంటే ఆడిటు అయిన రిపోర్టు ముట్టుకోవద్దన్నాడు.

ఆమె బస్సులోనే చెప్పి చూసింది. “వెళ్లేటప్పుడు కూడా కార్డు పెట్టండయ్యా, మీ కోసమే” అంది. బస్సంతా నవ్వింది. “సీటు పోతే నువ్విత్తావేటమ్మా” అని వెనక నుంచి ఎవడో అన్నాడు. పరదేశి ఒక్కడు నవ్వలేదు.

“నువ్వు సెప్పేవు కదా, రేపట్నుంచి కొడతానమ్మా” అన్నాడు.

కొట్టాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తోటివాళ్లు వేళాకోళం చేసినా మానలేదు. పక్క గేట్లోంచి కార్డు పెట్టి, ఆ తర్వాత వయసు మరిచి పరుగు తీసి, ఎలాగో రెండు తువ్వాళ్లూ వేసేవాడు. ఆ పరుగు చూసి రోజలిన్‌కు నవ్వొచ్చేది, గర్వంగానూ ఉండేది.

ఒక మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ రోజలిన్ కంప్యూటరు కట్టేయబోతుండగా సైరన్ మోగింది. షిఫ్టు సైరన్ కాదు. లేచి, పడి, మళ్లీ లేచే సైరన్. కిటికీలోంచి చూస్తే సాల్వెంటు బ్లాకు మీద తెల్లటి ఆవిరి వంగి సముద్రం వైపు పోతోంది. గొంతులో సూదులు గుచ్చినట్టు ఘాటు తగిలింది. జనం ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని గేటు వైపు వస్తున్నారు.

సేఫ్టీ ఆఫీసరు సూర్యనారాయణ తలుపు తోసుకుని వచ్చాడు. మామూలుగా నెమ్మది మనిషి. ఇప్పుడు మొహంలో నెత్తురు లేదు.

“రోజలిన్, లోపల ఎవరున్నారో లిస్టు కావాలి. ఇప్పుడే.”

“ఏమైంది సార్?”

“బ్లాకులో పైపు జాయింటు వదిలేసింది, ఒక మూల అంటుకుంది. అది పక్క ట్యాంకుల దాకా పోకూడదు. తలుపులు బిగించి మంటను ఊపిరాడనివ్వని గ్యాసు వదిలెయ్యాలి. వదిలితే మంటతో పాటు మనిషికీ ఊపిరాడదు. లోపల ఎవరూ లేరని తేలేవరకూ వదల్లేను, ఎక్కువసేపు ఆగనూ లేను.”

ఆయన వెనకే వచ్చిన అసిస్టెంటు అప్పటికే రెండో కంప్యూటరు మీద ఆ పాత రిపోర్టు నొక్కేశాడు. చక్రం తిరగడం మొదలైంది. అన్నేళ్ల పంచ్‌లు, మొదటి పేజీ నుంచి. సూర్యనారాయణ ఆ చక్రాన్ని చూస్తూ పిడికిలి బల్ల మీద ఆనించాడు. బయట ఏదో పేలిన చప్పుడైంది, కిటికీ అద్దాలు గలగలలాడాయి.

“ఆపెయ్ దాన్ని” అంది రోజలిన్. “అది వచ్చినా పనికిరాదు. చచ్చినవాళ్లు కూడా ఉంటారు అందులో.”

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది. రెండుసార్లు తప్పు టైపు చేసి, మూడోసారి సరిగా రాసింది. అవుట్ లేనివాళ్లు కావాలి, కానీ ఈ రోజు ఇన్ పడినవాళ్లలోనే. రోజువారీ హాజరు కోసం ఇన్ టైము మీద వేరే ఇండెక్సు ఎప్పటినుంచో ఉంది. అన్నేళ్లలో ఒక్క రోజంటే పుస్తకంలో ఒక్క పాట. ఈసారి ప్లానర్ మారు మాట్లాడకుండా ఆ ఇండెక్సు అందుకుంది. ఆమె వేలు ఎత్తేలోగా పేర్లు వచ్చేశాయి, ప్రింటరు కక్కడం మొదలెట్టింది.

లిస్టును ముక్కలు చేసి తలా ఒకటి పట్టుకుని పరుగెత్తారు. అప్పుడే వచ్చిన షిఫ్టువాళ్లను మైదానంలో నిలబెట్టి పిలిచారు. దిగిపోయిన షిఫ్టువాళ్లు బస్సుల్లో ఉన్నారు. వాళ్లు అవుట్ కొట్టే రకం కాదు కాబట్టి ఇంచుమించు అందరి పేర్లూ లిస్టులో ఉన్నాయి. రోజలిన్ ఒక్కో బస్సూ ఎక్కి పేరు పిలవడం, పలికినవాడికి గీత పెట్టడం. ఎవరైనా పలకడానికి ఆలస్యం చేస్తే మళ్లీ మళ్లీ పిలిచేది. ఉన్నానంటే, ముందే ఎందుకు పలకలేదని వాణ్ణి తిట్టి మరీ గీత పెట్టేది.

చివరికి తమ బస్సు ఎక్కింది. డ్రైవరు నానాజీ కిటికీలన్నీ మూయించి జనాన్ని లోపలే ఉంచాడు. ఆమె కాగితం మీద ఆఖరి పేరుకీ గీత పడింది. మెట్టు మీద నిలబడి ఫోన్ చేసింది.

“సార్, నా దగ్గర అందరూ వచ్చేశారు.”

“మైదానంలో కూడా అందరూ ఉన్నారు. దేవుడి దయ. తలుపులు బిగిస్తున్నాం” అన్నాడు సూర్యనారాయణ.

ప్రాణం కుదుటపడింది. కాసేపు కూర్చుందామని తన సీటు వైపు చూసింది. పచ్చగళ్ల తువ్వాలు ఉంది. ఇంత గోలలోనూ బాబాయ్ మరిచిపోలేదని మనసుకు హాయిగా అనిపించింది. దాని వెనక సీటు మీద ఎర్రగళ్ల తువ్వాలు కూడా ఉంది. దాని మీద మనిషి లేడు. జనం కమ్మీలు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడి ఉన్నారు గానీ ఆ రెండు సీట్లలో ఎవరూ కూర్చోలేదు.

“పరదేశి బాబాయ్ ఏడి?” అంది.

“ఈ పాటికి వచ్చేసుంటాడమ్మా” అన్నాడు నానాజీ. “అందరికన్నా ముందొచ్చి తువ్వాళ్లేసేడు. టిపిను డబ్బా మర్సిపోనానని మల్లీ లోపలికెల్లేడు.”

“ఎప్పుడు?”

“సైరను కొట్టకముందు.”

రోజలిన్ కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికింది. పరదేశి పేరు లేదు. ఎలా ఉంటుంది, కార్డు పెట్టి మరీ బయటికి వచ్చిన మనిషి. తిరిగి వెళ్లినప్పుడు పెద్ద గేటు బార్లా తీసి ఉంది. ఫోన్ కొట్టింది. సీటు కింద సంచిలో మోగింది. బస్సులో అందరూ ఆ సంచి వంక చూశారు. సూర్యనారాయణకు కొట్టింది. ఆయన ఫోన్‌లో ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు.

ఎర్రగళ్ల తువ్వాలు లాక్కుని ఆమె పరుగెత్తింది. ఆ దూరం ఎలా దాటిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. ప్రభువా, ప్రభువా అనుకుంటూ పోయిందంతే. బ్లాకు ముందు గాలి సిలిండర్లు కట్టుకున్న మనుషులు తలుపు బిగిస్తున్నారు. గ్యాసు వదిలే చక్రం మీద ఒకడి చెయ్యి ఉంది.

“ఆపండి సార్. పరదేశి లోపల ఉన్నాడు.”

సూర్యనారాయణ లిస్టులన్నీ తిప్పి చూశాడు. “ఆ పేరు ఎక్కడా లేదే.”

“ఉండదు. అవుట్ కొట్టాడు.”

“అవుట్ కొడితే వెళ్లిపోయినట్టే కదమ్మా. ఏ ఆటో ఎక్కి పోయాడో. ఇప్పుడు తలుపు తీసి మనుషుల్ని పంపి, ఈలోగా ట్యాంకు అంటుకుంటే వాళ్ల ప్రాణాలకు ఎవరు పూచీ? నువ్వు ఇచ్చిన లిస్టే కదా ఇది.”

“నేనిచ్చిన లిస్టే. తప్పు లేదు దాంట్లో. ఆయన బయటికి వచ్చింది నిజం, మళ్లీ లోపలికి వెళ్లింది కూడా నిజం. రెండోది మెషీను చూడలేదు.” తువ్వాలు ఆయన ముందు పట్టింది. “ఇది సీటు మీద ఉంది సార్. సంచి కూడా అక్కడే ఉంది.”

సూర్యనారాయణ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇవే బస్సుల్లో తిరిగినవాడు. తువ్వాలు వంక చూశాడు. సీటు మీద తువ్వాలు వదిలేసి ఆటో ఎక్కి పోయినవాడిని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చక్రం మీద ఉన్న చెయ్యి పట్టుకుని తీసేశాడు.

“తలుపు తీయండి. ఇద్దరు వెళ్లండి. బట్టలు మార్చుకునే గది వైపు చూడండి. నేను రమ్మంటే మాత్రం దొరికినా దొరక్కపోయినా వచ్చేయాలి.”

తలుపు తీస్తే తెల్లగా బయటికి పొర్లింది. ఇద్దరూ అందులోకి దిగి కనబడకుండా పోయారు. పక్క ట్యాంకు మీద నీళ్లు కొడుతున్నవాడు, వేడెక్కిపోతోందని అరిచాడు. సూర్యనారాయణ కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. రోజలిన్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చెమట వాసన, బెల్లం వాసన వేసింది. నేను చెప్పకపోతే, అనుకుంది. ఆ కార్డు పెట్టమని నేను చెప్పకపోతే ఈయన పేరు అందరికన్నా ముందు ఉండేది. ఎప్పుడో వెతికేవాళ్లం.

ట్యాంకు మనిషి మళ్లీ అరిచాడు. సూర్యనారాయణ రమ్మని చెప్పడానికి వాకీటాకీ ఎత్తాడు. అప్పుడే గుమ్మంలో ఒక వీపు కనబడింది. వంగి, వెనక్కి నడుస్తూ, మనిషిని చంకల కింద పట్టి ఈడ్చుకొస్తున్నాడు. రెండోవాడు కాళ్లు పట్టాడు. మధ్యలో పరదేశి. కళ్లు మూతపడి ఉన్నాయి, పెదాలు నల్లబడ్డాయి. వేళ్లు మాత్రం టిఫిను డబ్బా పిడిని వదల్లేదు. బయట పడుకోబెట్టి మాస్కు పెట్టగా పెట్టగా ఛాతీ ఒకసారి ఎగిరి, దగ్గు వచ్చింది. ఆ దగ్గు విని రోజలిన్ నేల మీద కూలబడి ఏడ్చేసింది. వెనక తలుపు బిగించిన చప్పుడు, గ్యాసు వదిలిన బుస వినబడ్డాయి.

ఆ సాయంత్రం ఎర్రగళ్ల సీటు మునగపాక దాకా ఖాళీగానే వెళ్లింది. అక్కడ నానాజీ అలవాటుగా బస్సు ఆపితే, పరదేశి బదులు రోజలిన్ దిగింది, ఆయన భార్య నూకరత్నాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి.

నాలుగు రోజులు పోయాక ఆయనకు మాట వచ్చింది. రోజలిన్ ఉతికిన తువ్వాళ్లు పట్టుకుని అనకాపల్లిలోని ఆ ఆసుపత్రికి వెళ్లింది. నూకరత్నం ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వు కార్డు కొట్టమన్నావు కాబట్టే ఈయన్ని ఎతికేరు తల్లీ. అందరికీ అదే సెప్తన్నాను.”

రోజలిన్ అవునని ఊరుకోవచ్చు. ఊరుకునే రకమైతే ఈ కథే లేదు.

“కాదు పిన్నీ” అంది. “కార్డు కొట్టాడు కాబట్టే వెతకలేదు. కొట్టనివాళ్లందరినీ పేరు పేరునా వెతికాం. నా మాట విన్న ఒక్కడి పేరే నా లిస్టులో లేదు.”

నూకరత్నం చేతులు వదిలింది. పరదేశి రోజలిన్ వైపు తల తిప్పాడు. ఊపిరి పిల్లికూతలు కూస్తోంది.

“తప్పు నాదేనమ్మా” అన్నాడు. “మల్లీ లోపలికెల్లినప్పుడు కొట్టనేదు. నీ లెక్క పాడుసేసేను.” ఊపిరి కూడదీసుకున్నాడు. “మరైతే నన్నేటి సెయ్యమంటావు? ఇకమీద కొట్టమంటావా, మానీమంటావా?”

దారి పొడుగునా ఆమె భయపడుతూ వచ్చింది ఈ ప్రశ్నకే. రెండు తువ్వాళ్లూ మడత పెట్టి ఆయన తలగడ పక్కన పెట్టింది.

“కొట్టు బాబాయ్” అంది. “వెళ్లేటప్పుడూ కొట్టు, వచ్చేటప్పుడూ కొట్టు. తువ్వాలు మాత్రం మానకు.”